ఆరా అత్త కొన్న గొడుగు

మా మేనత్తకి నమ్మకం అనేది పుట్టుకతోనే లేదు. పాలు పోయించుకున్నప్పుడు ఒకసారి, కాచాక ఇంకోసారి రుచి చూస్తుంది. మన గడియారం పది కొడితే పక్కింటికి వెళ్లి టైమెంతయిందని అడిగొస్తుంది. వీధిలో అందరూ ఆమెను ఆరా అత్త అంటారు. మొహం మీద అన్నా ఆమెకేం కోపం రాదు. "ఆరా తీయకపోతే చెవిలో పువ్వులు పెట్టి పంపేస్తారు" అంటుంది.

ఆమెతో కొట్టుకి వెళ్లడమంటే నాకు ప్రాణసంకటం. సబ్బు కొన్నా చీపురు కొన్నా, ఎక్కడ తయారైందో నా చేత పైకి చదివిస్తుంది. మన దేశంలో చేసిందైతేనే సంచిలో పడుతుంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ప్యాక్ చేసింది ఇక్కడా, అసలు చేసిందే ఇక్కడా?" అని కొట్టాయన్ని నిలదీస్తుంది. ఈలోగా వెనక వరస పెరిగిపోతుంది. నేను బియ్యం బస్తాల వైపు తిరిగి, ఈవిడెవరో నాకు తెలియనట్టు నిలబడతాను. ఆమెని చూసి ఎంత నవ్వుకున్నా, వీధిలో ఎవరేం కొనాలన్నా ముందు ఆమెనే అడిగేవారు.

ఈ పట్టుదలకి కారణం లేకపోలేదు. అత్త ఇరవై ఒక్క ఏళ్లు గొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఊచలకి గుడ్డని సూదీ దారంతో కట్టే పని. తన తమ్ముడైన మా నాన్నకి పద్దెనిమిదేళ్లు రాగానే వెంటబెట్టుకుని వెళ్లి, తన పక్కనే కూర్చోబెట్టుకుని ఆ కుట్టు నేర్పింది. చూపు మసకబారాక ఆమె మానేసింది. నాన్న ఇంకా అక్కడే ఉన్నాడు. కిందటేడు వానల్లో బయటి దేశం గొడుగులు చవగ్గా వచ్చిపడి, వీళ్లవి గోదాములోనే ఉండిపోయాయి. ఈ ఏడూ అమ్ముడుపోకపోతే కుట్టు షెడ్డు మూసేస్తానని యజమాని చెప్పేశాడు. నాన్న రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది.

అత్త నడుం బిగించింది. ఇంటింటికీ తిరిగి, ఈసారి గొడుగు కొంటే తమ్ముడి ఫ్యాక్టరీదే కొనాలని చెప్పింది. "ముందు నేను ఒకటి కొని చూస్తాను. బాగుందన్నాకే మీరు కొనండి" అని మాటిచ్చింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరుతూ నాన్నని పిలిచింది.

"నువ్వూ రారా."

"నాకు పనుందక్కా."

"ఆదివారం నీకేం పనిరా?"

నాన్న స్టూలు వేసుకుని ఫ్యాను రెక్కలు తుడవడం మొదలుపెట్టాడు. ఆయన ఆ ఫ్యాను జోలికి వెళ్లడం నా ఎరుకలో అదే మొదటిసారి. అత్త గుమ్మంలో ఆగి ఒక్క క్షణం అనుమానంగా చూసింది.

కొట్టాయన కొత్త పెట్టె సీలు మా ముందే కోసి గొడుగు ఇచ్చాడు. దాన్ని చుట్టి బిగించే పట్టీ మీద నాన్న వాళ్ల కంపెనీ పేరుంది. ఇక్కడే తయారైందనీ ఉంది. చదివాను. అత్త అక్కడే టప్పున తెరిచింది. పక్కన వేలాడుతున్న తువ్వాళ్లు నాలుగు కిందపడ్డాయి. ఊచల వెంట వేళ్లు పోనిచ్చి, మధ్యలో ఆగిపోయింది.

"ఇది మాది కాదు."

"అదేంటమ్మా, పేరుందిగా!"

"పేరు ఎవడైనా రాస్తాడు. మేం దారం రెండు చుట్లు తిప్పి, మూడోది వాటి కిందుగా దూర్చి లాగుతాం. ముడి వేలికి తగలదు. ఇక్కడ చూడు, గులకరాళ్లలా తగులుతున్నాయి. దొంగసరుకు అమ్ముతున్నావా?"

ఇంకో మూడు తెరిపించింది. అన్నీ అలాగే ఉన్నాయి. కొట్టాయన మొహం ఎర్రబడింది. "కంపెనీ నుంచే వచ్చిందండీ. కావాలంటే పట్టుకెళ్లి వాళ్లనే అడగండి" అన్నాడు. అతను అబద్ధమాడుతున్నట్టు నాకనిపించలేదు. అత్త మాత్రం డబ్బిచ్చి గొడుగు తీసుకుని, "అడుగుతాను. నీ సంగతి వాళ్లే తేలుస్తారు" అని కొట్టు మెట్లు దిగింది.

దారంతా కొట్టాయన్ని తిడుతూనే ఉంది. తిడుతూ తిడుతూ ఆ పట్టీని వేళ్లతో నలుపుతోంది. వీధి మలుపులో ఠక్కున ఆగింది.

"అమ్మాయ్, ఈ పట్టీ కుట్టు ఎటు వాలిందో చూడు."

"ఎడమకి."

అందరి కుట్టూ కుడికి వాలుతుంది. ఆ షెడ్డులో ఎడమచేతివాటం మా నాన్న ఒక్కడే. అత్త గొడుగు చంకన పెట్టుకుని గబగబా ఇంటి వైపు నడిచింది.

నాన్న ఇంకా ఫ్యాను తుడుస్తూనే ఉన్నాడు. అత్త గొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచిరా?"

నాన్న బుకాయించలేదు. స్టూలు దిగి దాని మీదే కూర్చున్నాడు. "నాలుగు నెలలైంది. గొడుగులు బయటి దేశంలోనే తయారై పెట్టెల్లో వస్తున్నాయి. ఉన్న పట్టీ కోసేసి, మా పేరున్నది కుడుతున్నాం."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? వీధంతా చాటుతావు. ఈ పని కూడా పోతే పన్నెండు మందిమి ఇంటికేనక్కా."

"అబద్ధం కుట్టమని నేర్పానురా నీకు?"

నాకు నాన్న మీద కోపమూ వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలీ వేసింది. అత్త నోటికి భయపడి సొంత తమ్ముడు నాలుగు నెలలు దొంగలా బతికాడు.

అంతలో నాలుగిళ్ల అవతలుండే మిషన్ వదిన వచ్చింది. బట్టలు కుట్టి ఇల్లు నడుపుకునే మనిషి.

"గొడుగు తెచ్చారటగా అత్తా! మనవాళ్లు చేసిందేనా? కొనుక్కోమంటారా?"

అత్త నాన్న వైపు చూసింది. నాన్న నేల చూపులు చూస్తున్నాడు.

"మనవాళ్లదే. కొనుక్కో."

వదిన చేతులకి దారం గుణం తెలుసు. ఒక్క ఊచ తడిమి ఉంటే పట్టేసేది. గొడుగు ఆమెకి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాని వైపు చెయ్యైనా చాపలేదు. "మీరు చూశాక ఇంక నేను చూసేదేముంది!" అని నవ్వుతూ వెళ్లి, పక్కింట్లోనూ చెప్పింది.

ఆ వారంలో మా వీధిలో పదకొండు గొడుగులు కొన్నారు. అత్త రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుంది. ఎవరో ఒకరు వచ్చి, ఇలా ఎందుకు చేశావని నిలదీస్తారని ఎదురుచూసింది. ఒక్కరూ అడగలేదు.