గరగర లేదు

బొగ్గుబాయిలో మందు పేల్చే పని చేసి చేసి, మా నాన్న చెవులు రెండూ అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. చెవిలో అరిస్తే సగం అందుతుంది. మిగతా సగం ఎదుటివాళ్ల మొహం చూసి కలుపుకునేవాడు. ఎక్కువగా అమ్మ మొహం. ఆవిడ కనుబొమలు ముడిస్తే తప్పు, నవ్వితే ఒప్పు.

ఆయనకు మిగిలిన పని ఒక్కటే. కారేపల్లిలో సౌండ్ సెట్లు కిరాయికిచ్చే మా మేనమామకు మైకు వైర్లు చేసిపెట్టడం. పొద్దున్నే వసారాలో కూర్చుని వైరు వలిచి, పోగులు మెలేసి, పేస్టు రాసి, పిన్నుకు సోల్డరింగ్ చేసేవాడు. అతుకు మెరిస్తే సరే, మసకగా ఉంటే కరిగించి మళ్లీ మొదలు. అందరూ మీటరు పెట్టి బీప్ వింటారు. ఈయనకు బీప్ ఎక్కడిది? బ్యాటరీకి చిన్న బల్బు కట్టుకున్నాడు. వైరు బాగుంటే వెలుగుతుంది. తర్వాత పాట పెట్టి, పిన్ను దగ్గర వైరు అటూ ఇటూ వంచుతూ, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి అదురు తెగకుండా వస్తోందో లేదో చూసుకునేవాడు. ఆ పని ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో మనిషి. అది పోతే మూలన కూర్చునే ముసలాడు. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

ఒక అడవి గూడెంలో పెళ్లి మధ్యలో మామ మైకు గరగరమందట. అతని ఆంప్లిఫయరు వయసులో నాకంటే పెద్దది, సాకెట్లన్నీ వదులు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తెల్లారి నాన్న చేసిన వైర్ల చుట్ట పట్టుకుని, ఇద్దరు పనివాళ్లను వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. బావా బామ్మర్దుల పరాచికాలకు మా వైపు అడ్డు చెప్పేవాళ్లుండరు. ఎంత మాటైనా చెల్లిపోతుంది.

వసారాలోనే వైరు స్పీకరుకు తగిలించి ఫోన్ తీశాడు. పాట మాత్రం పెట్టలేదు. నాన్న చూడకుండా మాకు కన్ను కొట్టాడు. నాన్న అలవాటుగా స్పీకరు మీద చెయ్యి పెట్టబోతే, పట్టి వెనక్కి లాగి చెవిలో అరిచాడు.

"చెయ్యొద్దు బావా. చెవితోని చెప్పు. గరగర ఉన్నదా?"

నాన్న వంగి స్పీకరుకు చెవి ఆనించాడు. శ్రద్ధగా వైరు వంచాడు. తర్వాత తలెత్తి అమ్మ వైపు చూశాడు. తమ్ముడి వేషానికి నవ్వాపుకోలేక అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి.

"మంచిగున్నది. గరగర లేదు," అన్నాడు నాన్న.

పనివాళ్లు గోడ పట్టుకుని నవ్వారు. పని మెచ్చారనుకుని నాన్న కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వైర్లన్నీ బల్బుకు పెట్టి చూపించాను. అన్నీ వెలిగాయి.

"లైటు వెలుగుతది బిడ్డా. వినేటోడు గావాలె గద," అన్నాడు మామ.

ఇక రెడీమేడ్ వైర్లే కొంటానని అమ్మతో చెప్పి వెళ్లిపోయాడు. నాన్నతో చెప్పలేదు. అమ్మా చెప్పలేదు.

సాయంత్రం నాన్న సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టుకుని, కొత్త వైరు వలుస్తూ నన్ను పిలిచాడు.

"ఏం పాట పెట్టిండు బిడ్డా, గంతగనం నవ్విన్రు?"

ఆ ఇంట్లో ఒక్కరన్నా ఆయనతో నిజం మాట్లాడాలి. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను, పాటే పెట్టలేదని.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్న ఐరన్ ప్లగ్గు పీకేశాడు. కాసేపటికి అమ్మ టీ తెచ్చి ఏదో అంది. ఆయన గ్లాసు అందుకున్నాడు గానీ తలెత్తలేదు.

ఇప్పటికీ అమ్మ మాట్లాడితే ఆయన ఆవిడ మొహం చూడడు. అందిన సగంతోనే సరిపెట్టుకుంటున్నాడు.