మామయ్య గడి

మామయ్యకు ఒక్కటే జబ్బు. ఎవరైనా ఒంటరిగా సంతకం పెడుతుంటే చూస్తూ ఊరుకోలేడు. పక్కకు చేరాలి, మెడ చాచి చూడాలి, జేబులోంచి సిరా పెన్ను తీసి దాని కింద తానూ ఒక సంతకం గీకి, పక్కన ‘సాక్షి’ అని రాయాలి. అది జరిగేదాకా ఆయనకు తిండి సయించదు, నిద్ర పట్టదు.

సాక్షి అవసరమైన చోట పెడితే ఎవరూ ఏమీ అనరు. చెప్పుల డబ్బా తెచ్చిన కొరియరు కుర్రాడి దగ్గర కూడా పెట్టేవాడు.

“సార్, ఇవి చెప్పులు. వీటికి సాక్షి ఎందుకు సార్?”

“రేపు చెప్పు కరిచిందనుకో. నువ్వు సరైన డబ్బానే ఇచ్చావని నీ తరఫున చెప్పేవాడెవడు?”

కొరియరు కుర్రాడు కాగితం మామయ్య వైపు తిప్పాడు. తన తరఫున మాట్లాడతానన్న మనిషి ఆ ఉద్యోగంలో అతనికి అదే మొదలు. ఆ తర్వాత ఆ వీధికి ఏ డబ్బా వచ్చినా ముందు మామయ్య కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆగి, “సాక్షి సార్, వస్తారా?” అని కేకేసేవాడు. మామయ్య చేతిలో అద్దం చేతిలోనే ఉండగా పరిగెత్తేవాడు.

బ్యాంకులో ముక్కూమొహం తెలియనివాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టి రెండుసార్లు గెంటించుకున్నాడు. స్కూలు పిల్లల మార్కుల కార్డుల మీద తండ్రి సంతకం కింద పెట్టి, “తిట్టకుండానే పెట్టారు, నేను చూశాను” అని కూడా చేర్చేవాడు. పొరుగూరి హోటల్లో దిగినప్పుడు రిజిస్టర్లో తన పేరుకి తానే సాక్షి సంతకం పెట్టుకున్నాడని, అది చూసి హోటలు యజమాని ఆయన్ని ఇద్దరు మనుషుల కింద లెక్కగట్టి రెండు గదుల అద్దె తీసుకున్నాడని చెప్పుకుంటారు. నమ్మడం, మానడం మీ ఇష్టం.

పెట్టేసి పోయే రకమైతే ఇంత కథ లేదు. ఆయన లెక్కలో సాక్షి అంటే జీవితాంతం డ్యూటీ. ఎవరిదో ఇంటి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టాడంటే, వాన పడ్డ ప్రతిసారీ గొడుగేసుకుని వెళ్ళి ఆ ఇంటి పైకప్పు కారుతోందేమో చూసొచ్చేవాడు. కారితే నేరుగా ఇంటివాడి గుమ్మంలో తేలేవాడు. ఆ ఇంటివాడు మామయ్య బట్టతల సందు మలుపులో కనబడగానే మేస్త్రీకి ఫోన్ చేసేవాడు.

ఒకసారి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఓ జంట తెల్లమొహాలు వేసుకుని నిలబడి ఉంది. పెళ్ళికి సాక్షి కావాలి, వీళ్ళ తరఫున పలికే దిక్కు లేదు. మామయ్య ఆ వీధిలో ఊరికే తిరుగుతుంటాడు కదా, ఇంకేం! ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లో గిన్నెలు ఎగిరాయి. మామయ్య తలుపు తోసుకుని వెళ్ళి మధ్యలో కూర్చున్నాడు.

“ఇదిగో, సంతకం పెట్టేటప్పుడు మీలో ఒకరి చెయ్యి గజగజా వణికింది. ఎవరిదో చెప్పమంటారా?”

“నాది కాదు!” అన్నాడు మొగుడు.

“నాదీ కాదు!” అంది పెళ్ళాం.

“అయితే నాదే అయ్యుంటుంది. కాస్త కాఫీ ఇప్పించండి.”

ఇలాంటి మామయ్యకు మేనకోడలైన అమ్మాయి పెరిగి పెద్దదై ఏ ఉద్యోగంలో చేరిందయ్యా అంటే, కాగితం, పెన్ను, మనిషి, ఇవేవీ లేకుండా కంప్యూటరు మీద సంతకాలు పెట్టించే కంపెనీలో. కసాయివాడి ఇంట్లో శాకాహారి పుట్టినా అంత గొడవ జరగదు.

“అమ్మాయ్, వాడెక్కడో ఉంటాడు, నువ్విక్కడ ఉంటావు, కాగితం ఎక్కడా ఉండదు. మరి సంతకం ఎక్కడ ఉంటుందే?”

“లెక్కల్లో ఉంటుంది మామయ్యా. ఒక తాళం, రెండు చెవులు అనుకో. ఒకటి నా దగ్గరే దాచుకుంటాను, రెండోది లోకానికి ఇచ్చేస్తాను. నా చెవితో వేసిన తాళం లోకానికిచ్చిన చెవితోనే తెరుచుకుంటుంది. అలా తెరుచుకుంటే వేసింది నేనే అని రుజువైనట్టు. తర్వాత ఎవరైనా అందులో ఒక్క అక్షరం మార్చినా ఇట్టే దొరికిపోతారు.”

“ఎప్పుడు పెట్టిందీ తెలుస్తుందా?”

“క్షణాలతో సహా.”

“ఎక్కడి నుంచి?”

“అదీ తెలుస్తుంది.”

“ఏడుస్తూ పెడితే?”

అమ్మాయి నవ్వేసింది. “అది ఎవరికీ అవసరం లేదు మామయ్యా.”



తర్వాత కొన్నాళ్ళకు ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు ఈ పద్ధతి చూపించమన్నారు. కంప్యూటరంటే తెలియని పెద్దవాళ్ళు కూడా పెట్టగలరని రుజువు చేయాలి కాబట్టి, అమ్మాయి మామయ్యనే వెంట తీసుకెళ్ళింది. ఉద్యోగంలో ఆమె చేసిన పెద్ద పొరపాటు అదే.

గదినిండా డాక్టర్లు. అమ్మాయి మొదలుపెట్టింది. పూర్వం ఉంగరాలతో ముద్ర వేసేవాళ్ళు, ఆ తర్వాత చేవ్రాలు వచ్చింది. నూటయాభై ఏళ్ళ కిందటే టెలిగ్రాఫు తీగ మీద వచ్చిన ఒప్పుకోలును ఒక న్యాయస్థానం సంతకం కిందే లెక్కగట్టింది.

“తీగ మీద కాకి వాలితేనో?” అన్నాడు మామయ్య.

అమ్మాయి ఆగకుండా చెప్పుకుపోయింది. ఆ తర్వాత ఫ్యాక్సు యంత్రాలొచ్చాయి. ఈలోగా గణితవేత్తలు రెండు చెవుల తాళం కనిపెట్టారు. కిందటి శతాబ్దం చివర్లో, ఈ శతాబ్దం మొదట్లో చాలా దేశాలు ఇలాంటి సంతకాలు చెల్లుతాయని చట్టాలు చేశాయి. ఇప్పుడు కాగితం కొనక్కర్లేదు, మోయక్కర్లేదు, పోగొట్టుకునే పని లేదు. బీరువాలు పెట్టిన గదుల్లో మంచాలు వేసుకోవచ్చు. వారం పట్టే పని టీ చల్లారేలోగా అయిపోతుంది.

“ఇప్పుడు మా మామయ్య సంతకం చేసి చూపిస్తారు” అని పలకలాంటి యంత్రం ఆయన ముందు పెట్టింది.

మామయ్య సర్దుకుని కూర్చున్నాడు. సిరా పెన్ను తీశాడు. మూత తిప్పాడు. అమ్మాయి “వేలితో, మామయ్యా!” అనేలోపే ఆ గాజు మీద సాంతం, కొమ్ములూ సున్నాలతో సహా ఒక సంతకం చేసి, ఆరడానికి ఉఫ్ అని ఊదాడు కూడా. సిరా అంచుల్లోంచి లోపలికి దిగింది. యంత్రం రెండుసార్లు మిణుకు మిణుకుమని కన్నుమూసింది. డాక్టర్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకాయన నాడి కూడా చూశాడు, యంత్రానికి.

నవ్వులు సద్దుమణిగాక ఆసుపత్రి పెద్దాయన అడిగాడు. “అయితే, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నామని ఇంట్లోవాళ్ళు పెట్టే సంతకం కూడా ఎక్కడి నుంచైనా పెట్టొచ్చన్నమాట?”

“ఎక్కడి నుంచైనా. ఆసుపత్రికి రానే అక్కర్లేదు.”

“మరి పక్కన ఎవరుంటారు?” అన్నాడు మామయ్య.

“ఎవరూ ఉండక్కర్లేదు మామయ్యా. అదే కదా సౌకర్యం!”

మామయ్య పెన్ను మూత బిగించాడు. జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఒక్క వేళాకోళం ఆడలేదు. ఒప్పందం కుదిరిన సంతోషంలో అమ్మాయి ఆ సంగతి గమనించనేలేదు.

గమనించకపోయినా, పక్కన ఎవరుంటారన్న ఆ ప్రశ్న మాత్రం చెప్పులో రాయిలా ఆమె వెంటే వచ్చింది. ఆఖరికి, పీడ వదిలిపోతుందని, తమ సంతకాల పేజీలో అడుగున చిన్న గడి ఒకటి చేర్పించింది. ‘మీరు కోరుకుంటే ఒక సాక్షిని పిలవండి.’ ఆఫీసులో అందరూ దాన్ని ‘మామయ్య గడి’ అనేవారు. ఏ ఒక్క ఖాతాదారూ దాన్ని నింపలేదు. మీటింగు పెట్టినప్పుడల్లా మేనేజరు, “మీ మామయ్యను తీసేద్దామా? ఊరికే చోటు తింటున్నాడు” అనేవాడు. “ఉండనివ్వండి సార్, ముసలాయన” అనేది అమ్మాయి.

ఇదంతా సాగుతుండగానే అమ్మాయి కాపురం నెమ్మదిగా బీటలు వారింది. గిన్నెలు ఎగరలేదు. ఎగిరితే శబ్దానికైనా ఎవరో ఒకరు వచ్చేవారు. ఆమే, మొగుడూ మర్యాదగా, తక్కువగా మాట్లాడుకున్నారు. తర్వాత అదీ మానేశారు. ఒక రోజు అతను తన పుస్తకాలు, బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు. ఆమెను అదే ఎక్కువ బాధపెట్టింది.

మామయ్యకు మాత్రం చెప్పలేదు. ఆ పెళ్ళికి మొదటి సాక్షి ఆయనే. చెబితే గొడుగేసుకుని వచ్చి మధ్యలో కూర్చుని కాఫీ అడుగుతాడు. ఆ కాఫీ పెట్టే ఓపిక ఆమెకు లేదు.

విడాకుల ఒప్పందం ఒక మధ్యాహ్నం ఫోన్లోకి వచ్చింది. వకీలు పంపింది. ఆ వకీలుకి ఈ సంతకాల పద్ధతి అమ్మింది ఎవరనుకున్నారు? అమ్మాయే. ‘ఇరుపక్షాలూ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు’ అని గొప్పగా చెప్పి అమ్మింది.

వంటింట్లో కూర్చుని తెరిచింది. అతను అప్పటికే పెట్టేశాడు. పేరు పక్కన పచ్చటి టిక్కు. క్షణాలతో సహా ఉంది. ఎక్కడి నుంచి పెట్టాడో అదీ ఉంది. ఏ మొహంతో పెట్టాడో మాత్రం లేదు.

ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. టీ చల్లారేలోగా, అని ఎంతమందికి చెప్పింది! టీ చల్లారింది. మీద తెట్టు కట్టింది. వేలు కదల్లేదు. పేజీ పైకీ కిందికీ జరుపుతుంటే అడుగున గడి ఖాళీగా కనబడింది. మీరు కోరుకుంటే.

ఏమనుకుందో ఏమో, అందులో మామయ్య నంబరు కొట్టి పంపేసింది. పంపిన మరుక్షణం నాలిక్కరుచుకుంది. ఆయన వచ్చి నీతులు చెబితే ఏమనాలో మనసులో కూడబలుక్కుంటుండగానే తలుపు చప్పుడైంది.

మామయ్య వగరుస్తున్నాడు. నుదుటి మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఇంకోటి.

“మెసేజ్ వచ్చింది. సాక్షిగా సంతకం చేయడానికి ఇక్కడ నొక్కండి అని ఉంది. నొక్కలేదు. వచ్చేశాను.”

“ఇంట్లో కూర్చునే పెట్టొచ్చు మామయ్యా.”

“ఇంట్లో కూర్చుంటే నాకేం కనబడుతుందే? దుకాణంలో ఒకాయన ఒక కంటికి అద్దంతో కుర్చీలో ఉన్నాడు. వచ్చేదాకా అక్షరాలు చదువుతూ ఉండమన్నాను.”

“నువ్వు మమ్మల్ని కలపడానికి వస్తే మాత్రం…”

“సాక్షిగా పిలిచావు. సాక్షి అడిగితేనే నోరు విప్పాలి.” కుర్చీ లాక్కుని, ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాడు. కాఫీ అడగలేదు.

కాసేపటికి ఆమే అడిగింది. “నీకెందుకు మామయ్యా ఈ సాక్షి పిచ్చి?”

మామయ్య ముక్కు మీది కళ్ళజోడు తీసి పైపంచెతో తుడిచాడు.

“మీ అత్తయ్య ఆపరేషన్ నాడు నడవాలో నిలబెట్టి కాగితం ఇచ్చారు. పెడితే లోపలికి తీసుకెళ్తామన్నారు. పెట్టాను. ఎంతసేపు పడుతుందీ, పేరే కదా. పక్కన సాక్షి అని చోటుంది. ఎవరో అటు పోతున్నతను మొహం కూడా ఎత్తకుండా గీకేసి పోయాడు. ఆమె తిరిగి రాలేదు. అది డాక్టర్ల తప్పు కాదు, నా తప్పూ కాదు. అందరూ అదే చెప్పారు. కానీ నేను బాగా ఆలోచించే పెట్టానని చెప్పడానికి, చూసినవాడంటూ ఒక్కడు లేడే. ఆ నడవాలో నేను ఏమైపోయానో నాకే తెలియదు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “అంతే. పెద్ద కథేం కాదు. నువ్వు కానీ.”

అమ్మాయి తెర మీద వేలు పెట్టింది. పేరు రాసింది. రాస్తూ ఏడ్చింది. మామయ్య ఓదార్చలేదు, వీపు నిమరలేదు. కళ్ళార్పకుండా చూశాడు. పచ్చటి టిక్కు పడ్డాక అప్పుడు అన్నాడు.

“నేను చూశాను. కోపంతో పెట్టలేదు. తొందరపడి పెట్టలేదు. ఎవరడిగినా చెబుతాను. రేపు నువ్వే నన్ను అడిగినా చెబుతాను.”

ఆమె ఆయన భుజం మీద తల వాల్చి చాలాసేపు ఉండిపోయింది. తల ఎత్తేసరికి మామయ్య పెన్ను మూత తిప్పి, ఆమె ఫోను గాజు మీద కొమ్ములూ సున్నాలూ పూర్తిచేసి ఉఫ్ అని ఊదుతున్నాడు.

“మామయ్యా! వేలితో!”

సిరా కింద నుంచి ఫోను ఒక మాట చూపించింది: ‘సాక్షి సంతకం ఇంకా రాలేదు.’

“ఇంత పెద్దగా పెడితే రాలేదంటుందేమిటే ఇది! మన దుకాణానికి తీసుకురా, కళ్ళు పరీక్ష చేద్దాం.”

ఎన్ని నెలల తర్వాతో అమ్మాయి ఫక్కున నవ్వింది. ఫోను తుడిచి, ఆయన వేలు తన చేత్తో పట్టుకుని గడిలో రాయించింది. మామయ్య గడి నిండడం అదే మొదలు.

ఇద్దరూ కలిసి దుకాణానికి నడిచారు. కుర్చీలో ఆయన ఒక కంటికి అద్దంతో అక్షరాలు చదువుతూనే ఉన్నాడు. పై నుంచి కిందికి అయిపోయినట్టుంది, కింద నుంచి పైకి చదువుతున్నాడు. తల తిప్పి అమ్మాయిని చూశాడు.

“ఏమండీ, ఈ అమ్మాయి ఏడ్చినట్టుందే?”

“ఏడ్చింది. తర్వాత నవ్వింది కూడా. రెండింటికీ నేనే సాక్షిని” అన్నాడు మామయ్య. “ఒక్క కంటితో అంత చూశారంటే మీకు కళ్ళజోడు అక్కర్లేదండీ. ఇక లేవండి.”