మెత్త పట్టుకునే మనిషి

కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది బాబావలి ప్రొద్దుటూరు నుంచి సౌదీలోని ఖఫ్జీ వచ్చాడు. అమెరికన్లు ఉండే కంపెనీ కాంపౌండులో ఆటల మైదానం చూసుకునే పని. గడ్డికి నీళ్లు పెట్టాలి, సున్నంతో గీతలు గీయాలి. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో ఇరికించుకుని వాళ్లు పరుగెత్తుతుంటే, అడ్డం వచ్చినవాణ్ని గుద్ది పడేస్తుంటే, ఇదేం ఫుట్‌బాలో అనుకున్నాడు మొదట. యుద్ధానికి భయపడి చాలామంది వాళ్ల దేశం వెళ్లిపోవడంతో అప్పట్లో జట్టుకు మనుషులు చాలలేదు. ఒకనాడు కోచ్ ఈయన భుజాలు చూసి, చేతికి ఛాతీ అంత మెత్త ఇచ్చి నిలబెట్టాడు. ఆటగాళ్లు పరుగున వచ్చి దాన్ని గుద్దాలి. ఈయన కదలకూడదు.

అట్లా ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు. గుద్దేవాళ్ల తలలకు హెల్మెట్లు, ఈయన తలకు టవలు. వెల్లకిలా పడిన రోజు కూడా నవ్వుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

"ఈ పొద్దు లారీ మాదిరి వచ్చినాడే ఒకడు" అని భార్య ఖాలిదాకు చెప్పేవాడు. ఫ్యామిలీ వీసా మీద వచ్చిన కొత్తలో ఆమె కూడా నవ్వేది.

ఇప్పుడు నవ్వడం లేదు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాడు. పెళ్లయి మూడేళ్లయిన కూతురు సాబేరా ఫోన్ చేస్తే, "బడికి పోయొచ్చినావా మా?" అని అడిగాడు.

ఈ ఏడాదే ఆటకు కొత్త రూల్స్ వచ్చాయి. తలతో గుద్దకూడదు. తలకు దెబ్బ తగిలినవాడు డాక్టరు సరేననేదాకా బయట కూర్చోవాలి. ప్రాక్టీసులో మనుషులను గుద్దడం ఆపేసి, ఇనుప చట్రానికి మెత్తలు కట్టి తెచ్చారు. ఇరవై ఏళ్ల కిందే వచ్చుంటే, అనుకుంది ఖాలిదా. బాబావలికి మాత్రం ఆ రూల్స్ నచ్చని కోచ్ మాటే వేదం.

"ఆటంతా చెడగొట్టినారే. గాజులేసుకోని ఆడేదొకటే తక్కువ."

"గాజులేసుకున్నా నా తలకాయ బాగానే ఉంది. మీది చూపిద్దాం రాండి."

కాంపౌండు ఆసుపత్రిలో అడిగితే, ఆ డాక్టరు ఆటగాళ్లకేనన్నారు. ఖాలిదా అక్కడ పనిచేసే కర్నూలు నర్సు బద్రున్నీసాను నాలుగుసార్లు బతిమాలుకుని, ఆయన్ను లోపలికి తీసుకుపోయింది. బద్రున్నీసా కాగితం ముందు పెట్టుకుంది.

"అన్నా, తలకు ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?"

"లేదు మా."

"కండ్లు తిరిగేది, మరుపు?"

"ఏం లేదు. గుండ్రాయి మాదిరుండా."

ఖాలిదాకు అప్పుడు అర్థమైంది. దెబ్బ అంటే కూర్చోబెడతారని ఆటగాళ్లు ఇప్పుడు దెబ్బలు దాచుకుంటున్నారట. ఆ సంగతి తనకు చెప్పి నవ్వింది ఈయనే.

"అబద్ధం మా. ఇరవై రెండేండ్లు గుద్దించుకున్నాడు" అంది.

ఆయన ఆమెవైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"అన్నే లేదంటాంటే నేనేం రాసేది అక్కా? జట్టులో పేరు గూడా లేదు. ఆయన నోటితో చెప్తేనే పెద్ద డాక్టరు దగ్గరికి పంపేది."

ఖాలిదా ఆయన చేయి పట్టుకుంది. "చెప్పండి. ఒక్కసారి చెప్పండి."

"ఏం చెప్పల్లనే?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడో, దాస్తున్నాడో ఆమెకు తెలియలేదు. బద్రున్నీసా కాగితం పక్కన పెట్టేసింది.

బయటికొచ్చాక బాబావలి హుషారుగా నడిచాడు. "చూసినావా, పాసైనా. రేపు మెత్త ఇస్తారు."

తమ ఇంటికి తిరగాల్సిన సందు వచ్చింది. ఆయన దాన్ని దాటి ముందుకు పోయాడు. ఖాలిదా పిలవలేదు, వెనకాలే నడిచింది.