గార్డు మావయ్య చూడని సగం సినిమా

గార్డు మావయ్య పోయారు. మంగళవారం పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, పక్కింటి అత్త మా రెండిళ్లకీ మధ్యనున్న గోడ మీద గరిటెతో కొట్టింది. కరివేపాకు కావాలన్నా, కబురు చెప్పాలన్నా నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే గోడ, అదే గరిటె. "వత్తన్నానత్తా" అని అరిచి, పాలు పొంగేదాకా ఉండి మరీ వెళ్లాను. వెళ్లేసరికి అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. గరిటె చేతిలోనే ఉంది. ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు.

బర్మామైన్స్‌లో మా తెలుగువాళ్ల వీధి మొత్తానికి ఆయన గార్డు మావయ్యే. టాటానగర్ నుంచి గూడ్సు బళ్ల చివరి పెట్టెలో కూర్చుని, పచ్చజెండా ఊపుతూ ఉద్యోగమంతా గడిపారు. రిటైరయ్యాక ఆ చేతికి హార్మోనియం మిగిలింది. శనివారం ఐదున్నరకి రామమందిరంలో భజన. ఐదూ ఇరవైకి ఆయన గుమ్మం దాటుతుంటే మేం గడియారం సరిచేసుకునేవాళ్లం.

సినిమాలంటే మాత్రం ఆయనకి పడదు. "ఆటిలో పాటుంటాది గానీ సంగీతముండదమ్మీ" అనేవారు.

మొన్న వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఏదో విదేశీ సినిమా పెట్టింది. సముద్రం పక్క ఊరు, హోటల్లో పాడే ఒక పిల్ల, పియానోలు బాగుచేసే ఒక పిల్లాడు, వాళ్లిద్దరి ప్రేమా కీచులాటానూ. మనకెందుకొచ్చిన గోల అనుకుంటూ నేను బీన్సు ముందేసుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మావయ్య మా న్యూస్‌పేపర్ తిరిగివ్వడానికి వచ్చారు.

"తాతా, మ్యూజిక్ వాలీ పిక్చర్ హై, బైఠియే న" అంది మా అమ్మాయి.

"ఏటి బైఠేది? ఇంగిలీసోళ్ల ముద్దులు సూడ్డానికా?" అంటూనే కుర్చీ అంచు మీద కూర్చున్నారు. ముద్దు రానే వచ్చింది. మావయ్య గబుక్కున లేచి గోడకున్న కాలెండర్‌లో తిథి చూడ్డం మొదలుపెట్టారు. నేను బీన్సు లెక్కపెట్టినంత శ్రద్ధగా తుంచాను. "అయిపోనాదా?" అని అటు తిరిగే అడిగారు.

ఆ తరువాత ఒక సన్నివేశం వచ్చింది. రిహార్సల్‌లో ఆ పిల్ల గొంతు పైకి అందక విసుక్కుంటుంది. మర్నాడు జనం ముందు ఆ పిల్లాడు ఏమీ చెప్పకుండా పియానో కాస్త కింది శ్రుతిలో ఎత్తుకుంటాడు. పాట హాయిగా సాగిపోతుంది. ఆ పిల్ల తానే బాగా పాడాననుకుని మురిసిపోతుంది.

మావయ్య తొడ మీద చరిచారు. "క్యా బాత్ హై! సూసినావా అమ్మీ? ఆడు సుతి దించేసినాడు. ఆ పిల్లకి తెలీనే నేదు! ఆడు మనోడే!"

నా చేతిలో బీన్సు ఆగిపోయింది. భజనకి కొత్తగా వెళ్లినప్పుడు నా బొంగురు గొంతు ఎవరికీ కలిసేది కాదు. ఒకటి రెండు వారాల తరువాత దానంతటదే కుదిరిందనుకున్నాను. "మావయ్యా, నాకూ అలాగే దించేవారా?" అన్నాను.

"నీది నాలుగు సుతి. ఆలందరిదీ అయిదున్నర. అయితే ఏటి? నోర్మూసుకుని సినిమా సూడు" అన్నారు నవ్వుతూ.

సినిమా అంత బాగుంటుందని ఇద్దరం అనుకోలేదు. నవ్వి నవ్వి కళ్లొత్తుకున్నాం. ఆ పిల్లా పిల్లాడూ పోట్లాడుకుని చెరో దారి పట్టిన చోట ఐదూ ఇరవై అయింది. మావయ్య లేచారు. "ఆపీండి. మిగిలింది వొచ్చే శనివారం సూద్దుం. నానొచ్చీదాకా కదపకండి బండిని."

సరే అన్నాను. తలనొప్పి అన్న వంకతో భజన ఎగ్గొట్టి, ఆ సాయంత్రమే మిగతాది చూసేశాను. చూస్తుంటే గుడిలోంచి ఆయన హార్మోనియం వినిపిస్తూనే ఉంది.

పై శనివారం ఆయన మూడింటికే వచ్చారు, ఇస్త్రీ చొక్కాతో. నెట్ రావట్లేదన్నాను. ఆ పై వారం అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయింది కదా, నాకు పెట్టడం రాదన్నాను. నాకు శుభ్రంగా వచ్చు. అసలు సంగతి, పక్కన కూర్చుంటే నవ్వొచ్చే చోటు రాకముందే నవ్వి దొరికిపోతానని భయం. "చూసేశాను మావయ్యా, మళ్లీ చూద్దాం రండి" అంటే పోయేదేముంది? ఆయన రెండు మాటలు తిట్టి కూర్చునేవారు. ఆ ఒక్క ముక్క నా నోట రాలేదు. ఆయన మాత్రం పిట్టగోడ మీంచీ, గుడిలోనూ "ఏటమ్మీ, మన బండికి సిగ్నలైనాదా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి నేను భజనకి వెళ్లడమే మానేశాను.

పదో రోజు కార్యమయ్యాక అత్త నా పక్కన కూర్చుంది. "ఏదో సినిమా సగంలో ఒగ్గీసినారంట గదా? మా మనవరాలు ఫోన్లో సూపిత్తానంటే వొద్దన్నారమ్మీ. 'అమ్మితో ఎక్కినాను, అమ్మితోనే దిగుతాను. గార్డు మజ్జిలో దిగిపోతే ఎలగ?' అన్నారు. నీకు కాళీ అవ్వట్నేదు, పాపం, అని కూడా అన్నారు."

ఆ 'పాపం' నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. నేను చూసేశానని అత్తకి కూడా చెప్పలేకపోయాను.

గుడికి ఇచ్చేద్దాం, కాస్త దుమ్ము దులిపిపెట్టమని అత్త హార్మోనియం నా ముందుకి జరిపింది. మూత తీశాను. శ్రుతి ఆగకుండా మోగడానికి ఆయన ఎప్పుడూ ఒక మెట్టు నొక్కి, సందులో అగ్గిపుల్ల దోపేవారు. ఆఖరి శనివారం దోపిన పుల్ల అలాగే ఉంది. అయిదున్నర దగ్గర కాదు. నాలుగు దగ్గర.

భజనలో నాలుగులో పాడేది నేనొక్కదాన్నే. ఆ శనివారం కూడా నేను వెళ్లలేదు.

తిత్తి మెల్లగా నొక్కాను. గాలి అయిపోయేదాకా నా శ్రుతి మోగింది. "పాడమ్మీ" అంది అత్త. మళ్లీ నొక్కాను.