తాళంచెవి పక్కింట్లో ఇచ్చి

ఎనభైల చివర్లో మదనపల్లెలో మా వీధికంతా టీవీ ఒక్కటే, అదీ మాదే. కానీ ఆదివారం పొద్దున అందరూ ఎదురుచూసే హిందీ సీరియల్ వచ్చే వేళకు మేము చర్చిలో ఉండేవాళ్లం. వీధివాళ్లను కాదనలేక అమ్మ తాళంచెవి పక్కింటావిడకు ఇచ్చి వచ్చేది. తిరిగొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు, టీవీ ముందు ఆరిన కర్పూరం.

"నువ్వు సూడలేదు గానీ అమ్మా, ఈ వారం బలే ఉండాది" అనేది పక్కింటావిడ. నాకు ఒళ్లు మండిపోయేది. మా టీవీలో ఏం వచ్చిందో నాకు ఆమె చెప్పాలా!

అందుకే చర్చిలో అందరూ కళ్లు మూసుకోగానే, నేను ఒకటే ప్రార్థించేదాన్ని: ప్రభువా, మా వీధిలో కరెంటు తీసెయ్. మిగతా రోజుల్లో ఇష్టమొచ్చినట్టు పోయే కరెంటు ఆ గంట మాత్రం పోయేది కాదు.

ఒక ఆదివారం నాకు నిజంగానే జ్వరమొచ్చింది. అమ్మ నన్ను ఇంట్లో వదిలి చర్చికి వెళ్లింది. దుప్పటి కప్పుకుని అందరికంటే ముందు కూర్చున్నాను. టీవీలో శంఖం ఊదారు. కరెంటు పోయింది.

"ఇన్నాళ్లూ లేంది ఈ పొద్దే యాల పోయిందప్పా?" అంది పక్కింటావిడ చీకటి తెరను చూస్తూ.

ఎందుకు పోయిందో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.