తన ఇంటి బేరానికి తానే బన్నులు కాల్చిన వెర్నా

మా పక్కింట్లో వెర్నా పంతొమ్మిదేళ్లు అద్దెకుంది. బడి వంటశాలలో పని. పొద్దున్నే ఐదింటికి ఆమె కారు చప్పుడుతోనే నాకు తెల్లవారేది. వరండా చెక్కలు మార్చింది ఆమె. కిటికీలకు రంగులు వేసింది ఆమె. కంచె పొడుగునా పియోనీ పూలు పెంచిందీ ఆమే. ఇంటి యజమాని ఆర్విడ్ "అమ్మేటప్పుడు ముందు నీకే ఇస్తానమ్మా" అని నా ఎదుటే చెయ్యి కలిపాడు. మా ఊళ్లో చెయ్యి కలిపాక కాగితం అడగరు. అడిగితే, నమ్మకం లేదా అని నొచ్చుకుంటారు.

ఆర్విడ్ పోయాడు. షికాగోలో ఉండే కొడుకు క్రెయిగ్ ఇల్లు ఏజెంటు చేతిలో పెట్టాడు. ప్రకటన నేనే వెర్నాకు చదివి వినిపించాను: "కొత్త వరండా, చూడముచ్చటైన పూలతోట." ఒళ్లు మండిపోయింది నాకు. అయితే అందులో అడిగిన ధరకి బ్యాంకు వెర్నాకు ఇస్తానన్న అప్పు సరిపోతుంది. అందుకని ఆమె ఆశ పడింది.

ఆదివారం ఇల్లు అందరికీ చూపిస్తారనగా, శనివారం సాయంత్రం వెన్న, దాల్చినచెక్క వాసన మా ఇంటిదాకా వచ్చింది. ఆరా తీయకుండా ఉండలేక వెళ్లాను. నేల కడిగింది, కర్టెన్లు ఉతికింది. బల్ల మీద మూడు పళ్లేల బన్నులు.

"ఇవెవరికే?"

"రేపు ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్లకి, అక్కా."

"నీ ఇల్లు ఎగరేసుకుపోయేవాళ్లకి నువ్వే చేసి పెడతావా?"

"గడప తొక్కినవాళ్లని ఉత్తిచేతుల్తో ఎలా పంపను? నువ్వు పంపుతావా?"

పంపను. నా మంటంతా అదే.

మర్నాడు ఏజెంటమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక బన్ను పెట్టి మరీ ఇల్లంతా తిప్పింది. సాయంత్రానికి ఏడుగురు పోటీపడి ధర పెంచుకుంటూ పోయారు. వెర్నా మాత్రం ప్రకటనలో ఉన్న ధరే రాసిచ్చింది. బ్యాంకు అంతకు మించి ఇవ్వనంది.

క్రెయిగ్‌కి ఫోన్ చేశాను. "ఒరే, మీ నాన్న మాటిచ్చాడురా. నేను సాక్షిని."

"తెలుసు పిన్నీ. కానీ ముప్పై వేల డాలర్ల తేడా. మీరైతే వదులుకుంటారా?"

"ఆ తేడా ఎవరి చలవరా? వరండాకి మేకులు నువ్వు కొట్టావా?"

"అందుకే కదా, ఖాళీ చెయ్యడానికి ఆవిడకి ఓ నెల ఎక్కువ ఇచ్చాను."

పంతొమ్మిదేళ్లకి ఒక నెల. అదేదో దానం చేసినట్టు చెప్పాడు.

వెర్నా ఇప్పుడు హైవే పక్కన అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉంటోంది. ఇల్లు కొన్న దంపతులు నన్ను చూస్తే చెయ్యి ఊపుతారు. వీధిలో ఎవరు కొత్తగా దిగినా ఆ రోజే ఏదో ఒకటి వండి తీసుకెళ్లడం నలభై ఏళ్లుగా నా అలవాటు. వీళ్లొచ్చి మూడు వారాలైంది, వెళ్లలేదు.

మొన్న వెర్నా ఫోన్ చేసింది. "ఇంకా ఏమీ తీసుకెళ్లలేదా అక్కా? మన గురించి ఏమనుకుంటారు?"

"అనుకోనీ. మన మంచితనం ఎంతకి అమ్ముడుపోయిందో చూశావుగా."

వెర్నా మెల్లగా, "వెనక తలుపు కాస్త పైకెత్తి నెట్టాలని మాత్రం వాళ్లకి చెప్పు. చలికాలం బిగుసుకుపోతుంది" అంది.

నేను చెప్పలేదు.