రామనర్సయ్య చెప్పిన హైతీ

మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక సందులో, జవహర్ వీడియో హాల్లో, టీవీ పక్కన ఒక ఇనుప కుర్చీ ఉండేది. అది రామనర్సయ్య కుర్చీ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అతను అందులో కూర్చుని ఇంగ్లీషు సినిమాలకు తెలుగులో కథ చెప్పేవాడు. తెర మీద ఎవరు నోరు తెరిచినా హాల్లో వినబడేది రామనర్సయ్య గొంతే. దొరసాని ఏడిస్తే ఈయన ముక్కు చీదేవాడు. విలన్ నవ్వితే ఈయన భుజాలు ఎగరేసేవాడు. మిల్లు హమాలీలు, వడ్లు ఆరబోసే ఆడవాళ్లు, లారీ డ్రైవర్లు చాపల మీద కూర్చుని కళ్లు టీవీకి, చెవులు రామనర్సయ్యకు అప్పగించేవాళ్లు.

మనిషిది సూర్యాపేట. పదో తరగతి మూడుసార్లు తప్పాడు, మూడుసార్లూ ఇంగ్లీషులోనే. తర్వాత కోదాడలో ఒక టాకీసు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపాడు. వీడియోల కాలం వచ్చాక, తండా నుంచి వచ్చి హాలు పెట్టుకున్న జవహర్‌కు ఇంగ్లీషు తెలిసిన మనిషి కావలసి వచ్చింది. "నాకొస్తది" అన్నాడు రామనర్సయ్య. ఆ ఒక్క మాట మీద ఆరేళ్లు దర్జాగా బతికాడు. యెస్, నో, కమాన్, పోలీస్ తప్ప ఇంకో ముక్క రాదు. మిగతాదంతా సొంత పుట్టింపే. ఆ పుట్టింపు బాగుండేది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చాలాసార్లు సినిమా కన్నా అదే బాగుండేది.

ఒక్కటే జబ్బు ఆయనకు. ఇంకొకరి మాటకు జనం చెవి పెడితే ఓర్వలేడు. బస్సులో ఎవరైనా ముచ్చట చెబుతుంటే మధ్యలో దూరి దాన్ని తన ముచ్చట చేసుకుంటాడు. పక్కింటావిడ చావు కబురు తెస్తే, దానికే ఇంత మసాలా చేర్చి నాలుగిళ్లలో చెప్పి వస్తే గాని అన్నం సయించదు. "నువ్వు సచ్చిన నాడు గూడ నువ్వే చెప్పుకుంటవా ఏంది?" అని పెళ్లాం సత్తెమ్మ ఎగతాళి చేసేది.

ఎనభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో జవహర్ కోదాడ షాపు నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. అట్ట మీద ఇంగ్లీషులో 'హైతీ' అని పెన్నుతో రాసి ఉంది. అది ఎక్కడి దేశమో రామనర్సయ్యకు తెలియదు. తెలియకపోవడం అతనికెప్పుడూ అడ్డం కాలేదు.

సినిమా మొదలైంది. చెరుకుతోట, పొగమంచు, ఎక్కడో డోలు. నల్లటి మనుషులు తెల్లబడ్డ కళ్లతో, చేతులు వేలాడేసుకుని నడుస్తున్నారు. నేల మీద ఎవడో పిండి పోశాడు. ఒక తెల్లదొర తుపాకీ తీశాడు. ఇంక రామనర్సయ్యకు పట్టపగ్గాలు లేవు.

"సూడుండ్రి! ఇది హైతీ దేశం. గీ దేశంల సచ్చినోళ్లను సుఖంగ పండనియ్యరు. నేల మీద పిండి వోసి, డోలు గొట్టి లేపుతరు. లేసినోడు తినడు, మాట్లాడడు, కూలి అడగడు. చెరుకు నరుకుమంటే నరుకుతనే ఉంటడు!"

ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. భద్రు అనే హమాలీ వెనక నుంచి అరిచాడు. "గీ ముచ్చట మా సేటుకు చెప్పకు నర్సన్నా! రేపే హైతీకి లారీ తోలుతడు!" హాలంతా నవ్వు. భద్రు పక్కన కూర్చున్న అతని పెళ్లాం నీలా కూడా భయం మరిచి నవ్వింది. రామనర్సయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

సినిమా అయిపోయింది గాని క్యాసెట్ అయిపోలేదు. గీతలు పడి, మళ్లీ బొమ్మ వచ్చింది. అదీ హైతీయే, కాని ఇందులో తెల్లదొర లేడు, పొగమంచూ లేదు. పట్టపగలు ఒక రేకుల షెడ్డు కింద తెల్లచీర లాంటి బట్ట చుట్టుకున్న ముసలమ్మ వంగి, గుప్పిట్లోంచి పిండి జారవిడుస్తూ నేల మీద ఏదో గీస్తోంది. చుట్టూ డోళ్లు, దీపాలు, పాట.

"ఇగ మళ్ల శవాన్ని లేపుతుండ్రు!" అన్నాడు రామనర్సయ్య.

"కాదు తమ్మీ" అని వెనక గోడ దగ్గర నుంచి ఒక గొంతు. "శవం గాదు. పట్నమేస్తుండ్రు."

ఆ గొంతు ఐలన్నది. పెద్దవూర దిక్కు కురుమ మనిషి, యాభై దాటినవాడు. కరువులో గొర్లు పోయి మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. అంతకుముందు అన్నతో కలిసి డోలు మీద మల్లన్న కథ చెప్పేవాడు. మొక్కు తీర్చుకునే ఇళ్లలో పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో దేవుడి ముందు నేల మీద పెద్ద ముగ్గు వేసేవాడు. ఆ ముగ్గునే పట్నం అంటారు. హాల్లో ఎప్పుడూ ఒక మాట మాట్లాడి ఎరగడు.

"ఇంగ్లీషు నీకొస్తదా, నాకొస్తదా?" అన్నాడు రామనర్సయ్య.

"నాకేడిదే? ఆ ముసలమ్మ చెయ్యి సూడు. బొటనేలు సందుల కెల్లి పిండి ఎట్ల జారుతున్నదో సూడు. గీత తెగనిస్తలేదు. గీత తెగితే దేవుడు రాడని మా నాయిన నా ఏళ్ల మీద కొట్టి నేర్పిండు. గామెకు గూడ ఎవరో కొట్టే నేర్పి ఉంటరు."

జనం తలలు వెనక్కి తిరిగాయి. తెర మీద ఒక పిల్ల ఊగుతూ కింద పడబోయింది, నలుగురు పట్టుకున్నారు. "శిగమూగుతున్నది, దేవుడు మీదికొచ్చిండు" అన్నాడు ఐలన్న. "పడకుండ పట్టుకుంటుండ్రు సూడుండ్రి. శవమైతే ఎవడు పట్టుకుంటడు?"

తర్వాత పాతకాలం వేషాలు వచ్చాయి. గొలుసులతో మనుషులు చెరుకు నరుకుతున్నారు, గుర్రం మీదివాడు కొరడా ఝళిపిస్తున్నాడు. "వీళ్లు వెట్టోళ్లు" అన్నాడు ఐలన్న. అతని గొంతు మారింది. "మా తాత ఒక దొర గడిల గిట్లనే చేసిండు. కూలి లేదు, అడిగితే కొరడా." ఇంకాసేపటికి ఆ మనుషులే కొడవళ్లు ఎత్తారు. తోట తగలబడింది, దొర మేడ తగలబడింది. హాలు లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. ఆరేళ్లలో రామనర్సయ్య ఏ కథకూ ఎవరూ లేచి నిలబడలేదు.

ఐలన్న చెప్పింది దాదాపు నిజమే. హైతీ అమెరికా పక్కన సముద్రంలో ఉన్న దేశం. ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన బానిసలు రెండు వందల ఏళ్ల కిందట దొరల మీద తిరగబడి, గెలిచి, తమ రాజ్యం తామే పెట్టుకున్నారు. సినిమావాళ్లు మాత్రం వాళ్ల దేవుణ్ణి దయ్యం చేసి, వాళ్లకు ఎంతకీ శవాల వేషమే కట్టించారు. తిరగబడ్డవాడంటే ఎవరికైనా కంటగింపే మరి.

హాల్లో ఆడవాళ్లతో కూర్చుని చూసిన సత్తెమ్మ, ఆ సాయంత్రం ఇంట్లో జొన్నరొట్టె వేస్తూ అంది. "ఐలన్న చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది."

"నేను చెప్తేనో?"

"నువ్వు చెప్తే నవ్వొస్తది."

మెచ్చుకోలుగానే అంది పాపం. రామనర్సయ్య రొట్టె పక్కకు నెట్టేశాడు. తన పెళ్లాం కన్నీళ్లు ఇంకొకడి కథ పట్టుకుపోయింది. చదువులేనివాడు, బస్తాలు మోసేవాడు, ఒక్క ఇంగ్లీషు ముక్క రానివాడు! తనకూ రాదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. కుళ్లు కడుపులో పడితే మనిషికి గుర్తులు ఉండవు.

జవహర్ ఆ రోజే చెప్పేశాడు. "నర్సన్నా, వచ్చే ఐతారం గదే క్యాసెట్ అడుగుతుండ్రు. ఐలన్న చెప్తడట. నువ్వు జర పక్కకు కూసో."

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఐలన్న హమాలీల లైనిళ్లలో మైసయ్య అనే అతని ఇంట్లో మొక్కు పట్నం వేశాడు. మధ్యాహ్నం వేళ్లకు పసుపు కూడా కడుక్కోకుండా వచ్చి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. రామనర్సయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు అతనికి పంటి కింద రాయి పడ్డట్టు ఉంది.

సోమవారం టీ కొట్టు దగ్గర ఒక హమాలీ మామూలుగానే అడిగాడు. "నర్సన్నా, చదువు లేకుండ ఐలన్నకు ఆ దేశం ముచ్చట ఎట్ల తెలిసింది?"

రామనర్సయ్య టీ ఊదుకుంటూ అన్నాడు. "తెల్వకేం? చేసెటోనికి చేసెటోని పని తెలుస్తది. పిండి వోసినంక సినిమాల ఏమైందో నువ్వు సూడలేదా?"

అంతే. చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. ఆరేళ్లలో అతను చెప్పిన కథలన్నిట్లో అదే చిన్నది, అదే జనంలోకి బాగా పోయింది.

బుధవారం నీలాకు జ్వరం వచ్చింది. గురువారానికి మాట పడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషిని గుర్తు పట్టడం లేదు. వాళ్లిల్లు మైసయ్య ఇంటి పక్కనే. "అచ్చం గా సినిమాల లెక్కనే ఉన్నదే!" అని ఎవరో అన్నారు. ఇంకెవరో పక్కింట్లో ఐలన్న వేసిన పట్నం మాట, చేతబడి మాట ఎత్తారు.

రామనర్సయ్యకు ఆ కబురు మధ్యాహ్నం తెలిసింది. మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి ఐలన్నను కాంటా పక్కన ఇనుప రాటకు కట్టేశారు. చేతబడి చేసేవాడి పళ్లు పీకితే మంత్రం పారదని ఆ రోజుల్లో చాలామంది నమ్మకం. లారీ టూల్ బాక్సులోంచి పటకారు తెచ్చారు. భద్రు ఏడుస్తూ, ఐలన్న తల కదలకుండా దవడ పట్టుకుని ఉన్నాడు. ఐలన్న తిట్టడం లేదు. "భద్రూ, ఆమెను దవాఖానకు తీస్కపో బిడ్డా. నాది తర్వాత సూస్కో" అంటున్నాడు.

ఇక్కడ రామనర్సయ్య చేసిన పని దాచిపెట్టి చెబితే నాకే పాపం. అతను వెంటనే అరవలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే ఆరేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే ఐలన్న ఊరు వదిలిపోతాడు, కుర్చీ మిగులుతుంది. కుర్చీ మిగులుతుందన్న ఆలోచన వచ్చిందతనికి, స్పష్టంగా వచ్చింది. దాన్ని తోసేయడానికి నాలుగు ఊపిర్లు పట్టింది. ఆ నాలుగు ఊపిర్లలో ఐలన్నవి రెండు ముందరి పళ్లు పోయాయి.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ పోయి అరిచాడు.

"అబద్ధం! నేను చెప్పింది అబద్ధం! నాకు ఇంగ్లీషు రాదు. ఆరేండ్ల సంది ఒక్క సినిమా గూడ నాకు సమజ్ గాలే. శవాలు లేసుడు సినిమోడు పుట్టిచ్చిండు, నేను ఇంత కారం జల్లిన. ఐలన్న మీద కుళ్లుతోటి అన్న. కొడితే నన్ను గొట్టుండ్రి!"

కొట్టారు. భద్రే ముందు కొట్టాడు. ఆ పెనుగులాటలో మైసయ్య తాళ్లు విప్పాడు. నోటి నిండా రక్తంతో ఐలన్న మళ్లీ అదే మాట అన్నాడు, దవాఖాన. నీలాను బియ్యం లారీలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. మలేరియా మెదడుకెక్కింది, ఇంకొక్క పూట ఆగితే మిగిలేది కాదు అన్నారు డాక్టరు. పది రోజులకు లేచి కూర్చుని భర్తను గంజి అడిగింది. భద్రు ఐలన్న గుమ్మం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడట. రామనర్సయ్య ఆ గుమ్మం దాకా రెండుసార్లు పోయి, రెండుసార్లూ తిరిగి వచ్చాడు.

నాలుగు వారాలు హాలు మూసి ఉంది. అయిదో ఆదివారం తెరిచారు. జనం మళ్లీ హైతీయే అడిగారు. మొదటి సినిమా వద్దు, రెండోదే వెయ్యమన్నారు. ఇనుప కుర్చీ ఖాళీగా ఉంది. రామనర్సయ్య వెనక గోడకు ఆనుకుని, ఐలన్న పాత చోట కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు. సత్తెమ్మ కూడా ఆడవాళ్లలో ముందు కూర్చుంది.

ఐలన్న వచ్చాడు. కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ముందరి పళ్లు లేక, దెబ్బతిన్న దవడ సరిగ్గా తెరుచుకోక సగం మాటలు గాలైపోతున్నాయి. మల్లన్న కథ ఊరంతటికీ వినబడేలా పాడిన గొంతు, ఇప్పుడు మూడో చాప దాకా కూడా రావడం లేదు. వెనక గోడ దగ్గర రామనర్సయ్యకు ఏమీ వినబడలేదు. అది తను చేసిన పనే.

అయితే హాలు ఏం చేసిందో చూడండి. నోళ్లు మూసుకుంది. దగ్గేవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. చాపల మీది జనం మోకాళ్ల మీద జరుగుతూ కుర్చీ చుట్టూ చేరారు. అతను గట్టిగా చెప్పలేడు కాబట్టి వాళ్లే దగ్గరికి పోయారు. సత్తెమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఆరేళ్లు గొంతు చించుకున్న తన దగ్గరికి ఎవరూ అలా జరగలేదు. రామనర్సయ్యకు మళ్లీ మండింది. తను పళ్లు ఊడగొట్టించిన నోటి మీద కూడా తనకు అసూయే! సిగ్గుతో తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అయినా మంట మంటే.

లేచాడు. జనం అతని వైపు చూశారు, గొడవకే వస్తున్నాడనుకున్నారు. భద్రు అడ్డంగా లేచాడు. రామనర్సయ్య పక్క నుంచి టీవీ దగ్గరికి పోయి, సౌండు బటన్ తిప్పాడు. ఇంగ్లీషు మాట సన్నబడి ఆగిపోయింది. ఐలన్న గొంతు వెనక గోడ దాకా వినబడింది.

రామనర్సయ్య అక్కడే, కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తెర మీద ముసలమ్మ గుప్పిట్లోంచి పిండి జారుతోంది. ఐలన్న కిందికి చూశాడు.

"తమ్మీ, గామె నోరు మెదుపుతున్నది సూడు, ఇంగ్లీషుల ఏందో అంటున్నది. ఏమన్నది?"

జనం తలలు అతని వైపు తిరిగాయి. రామనర్సయ్య నోట్లోకి పాత అలవాటు కొద్దీ మంచి కథొకటి వచ్చింది. మింగేశాడు.

"నాకు తెల్వదన్నా" అన్నాడు. "నువ్వే చెప్పు."